హెల్త్ ఇన్సూరెన్స్ మెయిల్‌లో మారిన ఆ రెండు లైన్లు

సంపాదకులకు నమస్కారం.

మార్చి నెలాఖరు వచ్చిందంటే చాలా కంపెనీల్లో ఉద్యోగుల గ్రూప్ హెల్త్ పాలసీలు రెన్యువల్ అవుతాయి. హెచ్‌ఆర్ నుంచి ఒక మెయిల్ వస్తుంది. పైన ‘మీ ఆరోగ్యమే మాకు ముఖ్యం’ అన్న బొమ్మ, కింద యోగా క్లాసు తేదీ, పది వేల అడుగుల పోటీ, అన్నిటికన్నా కింద పాలసీ వివరాల పీడీఎఫ్. యోగా క్లాసుకైనా కొందరు వెళ్తారు గానీ ఆ పీడీఎఫ్ తెరిచేవాళ్లు బహు తక్కువ. ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడ్డాక ఫోన్‌లో వెతుక్కుని తెరుస్తారు. కిందటేడాది పీడీఎఫ్‌కీ ఈ ఏడాది దానికీ తేడా రెండు మూడు లైన్లే ఉంటుంది. చేతి డబ్బు పోయేది ఆ లైన్ల దగ్గరే. క్లెయిముల పనిలో ఉన్నవాళ్లుగా వాటి గురించే ఈ ఉత్తరం.

ఆ లైన్లు ఎందుకు మారతాయో ముందు చెప్పాలి. గ్రూప్ పాలసీ ప్రీమియం కిందటేడాది క్లెయిముల లెక్క మీద నడుస్తుంది. కంపెనీ కోటి రూపాయల ప్రీమియం కట్టింది, ఉద్యోగుల క్లెయిములు కోటీ 20 లక్షలు అయ్యాయి అనుకోండి. బీమా సంస్థ ఆ కోటీ 20 మీద ఆసుపత్రుల రేట్ల పెరుగుదల, తన ఖర్చులు వేసుకుని కొత్త రేటు చెబుతుంది. అంత కట్టడం కంపెనీకి ఇష్టం ఉండదు. అలాగని బీమా మొత్తం తగ్గిస్తే అందరికీ కనిపిస్తుంది, ఆఫీసులో గోల అవుతుంది. అందుకని 3 లక్షలను 3 లక్షలుగానే ఉంచి లోపల కోత పెడతారు. తల్లిదండ్రుల క్లెయిముల్లో కో-పే, అంటే మన జేబులోంచి కట్టాల్సిన వాటా, 10 శాతం ఉన్నది 20 అవుతుంది. గది అద్దెకు పరిమితి వస్తుంది. శుక్లం ఆపరేషన్‌కి కంటికి ఇంతే అని గీత గీస్తారు. ‘బెనిఫిట్స్ అప్‌డేట్’ అన్న ముచ్చటైన మాటకు చాలాసార్లు అర్థం ఇదే.

వీటిలో జనానికి అసలు అంతుబట్టనిది గది అద్దె పరిమితి. ‘రోజుకు బీమా మొత్తంలో 1 శాతం’ అని రాసి ఉంటే 3 లక్షల పాలసీకి రోజుకు 3,000. ఆసుపత్రిలో ఆ ధర గది లేదనో, వచ్చేపోయే బంధువులకు ఇబ్బంది అనో 6,000 గది తీసుకుంటారు. తేడా మనం కట్టుకుంటే సరిపోతుందిలే అనుకుంటారు. సరిపోదు. నాలుగు రోజులున్న ఒక ఆపరేషన్ లెక్క చూద్దాం: గది 24,000, సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్, నర్సింగ్ కలిపి 1,20,000, మందులు, పరీక్షలు, లోపల అమర్చిన పరికరం 60,000. మొత్తం 2,04,000. మనకు అర్హత ఉన్నది సగం ధర గదికి కాబట్టి గదిలో సగమే ఇస్తారు, సర్జన్ నుంచి నర్సింగ్ దాకా ఉన్న ఆ 1,20,000లోనూ సగమే ఇస్తారు. చేతికొచ్చేది 12,000, దానికి 60,000, మందుల వాటా 60,000 కలిపి 1,32,000. గదుల మధ్య తేడా 12,000 అయితే జేబులోంచి పోయేది 72,000. పేషెంటు అమ్మో నాన్నో అయి, 20 శాతం కో-పే కూడా ఉంటే ఈ 1,32,000లో ఇంకో 26,400 పోతుంది.

ఇక్కడ తెలిసి ఉండాల్సిన మాట ఒకటుంది. మందులు, వాడి పారేసే సామగ్రి, ఇంప్లాంట్లు, ల్యాబ్ పరీక్షలు, స్కానింగులను ఈ దామాషా కోతలో కలపకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన. ఐసీయూ చార్జీల మీదా ఈ కోత పనికిరాదు. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రిలో అసలు ఈ కోతే వేయకూడదు. సెటిల్‌మెంట్ లెటర్‌లో మందుల బిల్లునూ సగానికి కోసినట్టు కనిపిస్తే ఊరుకోకుండా ఏ పద్దులో ఎంత, ఏ నిబంధన కింద తీసేశారో రాతపూర్వకంగా అడగండి. అడిగినవాళ్లకు సరిచేసి ఇచ్చిన క్లెయిములు ఉన్నాయి. అడ్మిషన్ రోజున ఇన్సూరెన్స్ డెస్క్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ఇదే: ‘నా పాలసీలో ఏ గదికి అర్హత ఉంది?’ ఆ గది ఖాళీ లేకపోతే ఆ సంగతి ఆసుపత్రి చేత కాగితం మీద రాయించుకోవడం మంచిది. కోత ఆగుతుందన్న గ్యారంటీ లేదు గానీ, తర్వాత వాదించడానికి చేతిలో ఆధారం ఉంటుంది.

పేర్ల గొడవ మన తెలుగువాళ్లకు ప్రత్యేకం. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, కంపెనీ రికార్డులో పొడి అక్షరం చివర ఉంటుంది, బీమా సంస్థ ఇచ్చే ఈ-కార్డులో అసలు ఇంటిపేరే ఉండదు. పెళ్లయిన ఆడవాళ్లకు ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, కార్డులో అత్తింటిది. పెద్దవాళ్ల పుట్టినతేదీ ఆధార్‌లో జనవరి 1 అని పడి ఉంటుంది, మనమేమో ఎన్‌రోల్‌మెంట్‌లో ఇంట్లో అనుకునే తేదీ నింపుతాం. అడ్మిషన్ దగ్గర ఇవి సరిపోకపోతే క్యాష్‌లెస్ అక్కడే ఆగుతుంది. ఎన్‌రోల్‌మెంట్ గడువు సాధారణంగా రెండు మూడు వారాలే ఉంటుంది. ఆ గడువులోనే ఆధార్‌లో ఉన్నది ఉన్నట్టు, అక్షరం తేడా లేకుండా దింపాలి. ఈ-కార్డులు డౌన్‌లోడ్ చేసి అందరి ఫోన్లలోనూ వేయాలి. ఉద్యోగి రాత్రి షిఫ్టులో ఉన్నప్పుడు ఇంట్లో వాళ్లే ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తుంది కదా.

గడువు దాటాక ఏడాది మధ్యలో చేర్చుకునేది మామూలుగా ఇద్దరినే: కొత్తగా పెళ్లయిన జీవిత భాగస్వామిని, పుట్టిన బిడ్డను. దానికీ చాలా పాలసీల్లో 30 రోజుల్లోపు హెచ్‌ఆర్‌కు చెప్పాలన్న షరతు ఉంటుంది. ‘మొదటి రోజు నుంచే బిడ్డకు కవరేజీ’ అని పాలసీలో ఉంది కదా అని నిశ్చింతగా ఉండి, బారసాల అయ్యాక మెయిల్ పెట్టేవాళ్లు ఎందరో. బిడ్డకు కామెర్లు వచ్చి నెల నిండకుండానే నవజాత శిశువుల ఐసీయూలో (ఎన్ఐసీయూ) చేర్చాల్సి వస్తే, బిడ్డ పేరు ఇంకా పాలసీలో ఎక్కలేదన్నది అప్పుడు బయటపడుతుంది. పేరు పెట్టకపోయినా పర్వాలేదు, ‘బేబీ ఆఫ్’ అని తల్లి పేరుతో చేరుస్తారు. ఆసుపత్రి జనన పత్రం చేతికి వచ్చిన రోజే పంపేయండి. తల్లిదండ్రులను మాత్రం రెన్యువల్ సమయంలో తప్ప చేర్చుకోరు. అమ్మానాన్నలా, అత్తమామలా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి. చాలా పాలసీల్లో ఒక జంటకే అవకాశం, ఇటొకరు అటొకరు కుదరదు.

ముందే అనుకున్న ఆపరేషన్ అయితే రెండు మూడు రోజుల ముందే డెస్క్‌లో ప్రీ-ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) ఫారం పెట్టించాలి. ఈ-కార్డు, ఆధార్, ఎంప్లాయీ ఐడీ, డాక్టరు రాసిన అడ్మిషన్ సలహా, దానికి కారణమైన రిపోర్టులు జతచేయాలి. అత్యవసరంగా చేరితే ఇరవై నాలుగు గంటల్లోపు టీపీఏకు, అంటే బీమా సంస్థ తరఫున క్లెయిములు చూసే ఏజెన్సీకి, చెప్పాలని ఎక్కువ పాలసీలు అంటాయి. ఐఆర్‌డీఏఐ 2024 మే 29 నాటి మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ విన్నపం మీద బీమా సంస్థ గంటలో నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జి సమయంలో తుది అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి. అంతకు మించి ఆలస్యమై ఆసుపత్రి అదనంగా ఏమైనా వసూలు చేస్తే దాన్ని బీమా సంస్థే భరించాలి. అయితే ఈ గడియారం తిరగడం మొదలయ్యేది ఆసుపత్రి తుది బిల్లు పంపినప్పటి నుంచి. ఉదయం రౌండ్స్‌లో డాక్టరు ‘ఇంటికెళ్లొచ్చు’ అంటారు, బిల్లు సాయంత్రం నాలుగుకు వెళ్తుంది, తిట్లు టీపీఏ తింటుంది. కాబట్టి డెస్క్‌లో ‘అనుమతి వచ్చిందా’ అని కాదు, ‘ఫైనల్ బిల్లు ఎన్నింటికి పంపారు’ అని అడగాలి.

ఎక్కువగా తిరస్కరించేది జ్వరాల అడ్మిషన్లను. రెండు రోజులు సెలైన్, మిగతావన్నీ టెస్టులు ఉంటే, ఓపీలో చూడదగ్గ కేసుకు అడ్మిషన్ ఎందుకని తిప్పికొడతారు. పరీక్షల కోసమే చేరినట్టు కనిపించే కేసు షీటు గట్టెక్కదు. నిజంగా అవసరమై చేరిన డెంగీ కేసులోనూ వాంతులు, బీపీ పడిపోవడం, రోజువారీ ప్లేట్‌లెట్ లెక్క షీటులో లేకపోతే అదే గతి పడుతుంది. డిశ్చార్జి సమ్మరీ సంతకం కాకముందే ఒకసారి చదవండి. ఏ లక్షణంతో చేరారు, ఎన్నాళ్ల నుంచి, ఏం ఇచ్చారు అన్నవి సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. ‘రెండేళ్ల నుంచి’ అన్నది ‘పన్నెండేళ్ల నుంచి’ అని పడితే దాన్ని సరిచేయించడానికి తర్వాత కాళ్లరగాలి. రోడ్డు ప్రమాదమైతే, పోలీసుల కోసం ఆసుపత్రి రాసే ఎంఎల్‌సీ కాపీ తప్పనిసరిగా తీసుకోండి.

రీయింబర్స్‌మెంట్‌కు పెట్టేటప్పుడు పద్దులవారీ బిల్లు, డబ్బు కట్టిన రసీదు, డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులకు జతగా చీటీలు, రిపోర్టులు, పేరు అచ్చయిన క్యాన్సిల్డ్ చెక్కు ఉండాలి. స్టెంటు, కంటి లెన్సు, మోకాలి చిప్ప లాంటివి అయితే ప్యాకెట్ మీది స్టిక్కరు కూడా కావాలి. అది చెత్తబుట్టలో పడ్డాక ఎవరూ ఇవ్వలేరు. అన్నీ స్కాన్ చేసుకున్నాకే అసలు కాగితాలు చేతి నుంచి వదలండి. చేరడానికి ముందు 30 రోజుల, ఇంటికొచ్చాక 60 రోజుల ఖర్చులు కూడా వస్తాయని చాలా పాలసీల్లో ఉంటుంది. ఆ ఓపీ చీటీలు, స్కానింగ్ బిల్లులు పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ. గ్లౌజులు, మాస్కులు, అడ్మిషన్ కిట్ లాంటివి చెల్లించని వస్తువుల జాబితాలో ఉన్నాయి. ఆ జాబితా 68 పద్దుల పొడవు, పాలసీ వెనకే అచ్చయి ఉంటుంది. భార్యాభర్తలిద్దరికీ కంపెనీ పాలసీలు ఉంటే, ఒకదానిలో మిగిలిపోయిన మొత్తాన్ని సెటిల్‌మెంట్ లెటర్, బిల్లుల ధ్రువీకరించిన కాపీలతో రెండోదానిలో అడగవచ్చు. గది అద్దె కోత కూడా ఇలా రావొచ్చు. ఈ సంగతి తెలియక వదిలేసేవాళ్లు చాలామంది.

ఉద్యోగం మారేటప్పుడు గ్రూప్ కవరేజీ చాలావరకు రిలీవ్ అయిన రోజే ముగుస్తుంది. కొత్త కంపెనీలో చేరేలోపు వారమో నెలో ఖాళీ ఉంటే ఆ మధ్య ఏ అండా లేదు. గ్రూప్ పాలసీలో ఉన్న సభ్యుడు, కుటుంబంతో సహా, అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీలోకి మైగ్రేట్ అయ్యే సౌకర్యం ఉంది. గ్రూప్‌లో గడిపిన కాలం వెయిటింగ్ పీరియడ్‌లో జమ అవుతుంది. షుగరో బీపీయో ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే కొత్తగా తీసుకునే పాలసీలో పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమనవచ్చు. రాజీనామా ఇచ్చిన వారంలోనే హెచ్‌ఆర్‌కు, బీమా సంస్థకు మెయిల్ పెట్టాలి. రిలీవింగ్ లెటర్ చేతికొచ్చాక కాదు. అసలు ఉద్యోగంలో ఉండగానే సొంత పాలసీ ఒకటి ఉంచుకోవడం మేలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు, గ్రూప్ పాలసీలకు మాత్రం 18 శాతం అలాగే ఉంది. సొంత పాలసీకి అంత కట్టలేనివాళ్లు కంపెనీ 3 లక్షల మీద, ఖర్చు 3 లక్షలు దాటాకే చెల్లించేలా 3 లక్షల డిడక్టిబుల్‌తో సూపర్ టాప్-అప్ తీసుకోవచ్చు. ‘సూపర్’ అన్న మాట చూసి తీసుకోండి. మామూలు టాప్-అప్ ఒక్కో క్లెయిమును విడిగా లెక్కిస్తుంది, సూపర్ టాప్-అప్ ఏడాది మొత్తం ఖర్చును కలిపి లెక్కిస్తుంది.

నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్ల దారి వేరు, వాళ్లది ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా. 2019 జులై నుంచి ఉద్యోగి వాటా 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం. 18,000 జీతానికి మీ నుంచి 135, కంపెనీ నుంచి 585. ఇక్కడ బీమా మొత్తం అన్న గీత లేదు, కో-పే లేదు. డిస్పెన్సరీ నుంచి రిఫరల్ రాయించుకునే ఓపిక మాత్రం కావాలి. జీతం 21,000 దాటగానే ఈఎస్ఐ పోయిందనుకోవడం పొరపాటు. మే నెలలో జీతం పెరిగినా సెప్టెంబర్ 30తో ముగిసే ఆ కంట్రిబ్యూషన్ పీరియడ్ (చందా కట్టే ఆరు నెలలు) అంతా జీతంలో చందా కోత కొనసాగాలి. ఆ చందాకు ప్రయోజనాలు అందే బెనిఫిట్ పీరియడ్ మరుసటి ఏడాది జనవరి నుంచి జూన్ దాకా. చందా కట్టిన ఆ ఆరు నెలల పీరియడ్‌లో 78 రోజుల చందా ఉంటే, జబ్బు చేసి పనికి వెళ్లలేని రోజులకు జీతంలో 70 శాతం చొప్పున ఏడాదిలో 91 రోజుల దాకా నగదు వస్తుంది. క్షయ, క్యాన్సర్ లాంటి 34 దీర్ఘకాలిక జబ్బులకు ఇది 80 శాతం, రెండేళ్ల వరకు. రిటైరైన వాళ్లు కనీసం ఐదేళ్లు ఈఎస్ఐలో ఉండి ఉంటే ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరూ వైద్యం పొందవచ్చు. నెలకు పది రూపాయలు! ఈ ముక్క చెప్పే రిటైర్మెంట్ ఫంక్షన్ ఎక్కడా కనిపించదు.

ఇక ‘వెల్‌నెస్’. పది వేల అడుగుల పోటీకి మేం వ్యతిరేకం కాదు. కానీ పాలసీతో పాటు వచ్చే ఉచిత ఆరోగ్య పరీక్షను వాడుకోకుండా వదిలేసి, బయట డెబ్బై ఎనభై పరీక్షల ప్యాకేజీ కొనడం ఎందుకో అర్థం కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అందులో క్యాన్సర్ మార్కర్లు తోడ్పడే దానికన్నా కంగారుపెట్టేది ఎక్కువ. బీపీ, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్టరాల్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), నడుము కొలత అందరికీ. ముప్పై దాటిన ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార పరీక్ష. గుట్కా, ఖైనీ అలవాటున్నవాళ్లకు నోటి పరీక్ష. వీటితో మొదలుపెడితే చాలు. నడుము మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే బరువు సరిగ్గానే ఉన్నా జాగ్రత్తపడాలి. పరగడుపు షుగర్ 100 నుంచి 125 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, 126 నుంచి షుగర్; మరోసారి చేయించి ఖాయం చేసుకోవాలి. రక్తహీనత ఉన్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ తప్పు లెక్క చూపించవచ్చు, డాక్టరుకు ఆ సంగతి చెప్పండి. రాత్రి షిఫ్టు చేసేవాళ్లకు పరగడుపు అంటే తెల్లవారడం కాదు, చివరి తిండి నుంచి కనీసం ఎనిమిది గంటలు. బీపీ చూపించుకునే ముందు అరగంట కాఫీ, టీ, సిగరెట్టు వద్దు. ఐదు నిమిషాలు వెన్ను ఆనించి, కాళ్లు నేల మీద పెట్టి, మాట్లాడకుండా కూర్చోవాలి. ఆఫీసు క్యాంపుల్లో లైన్లో నిలబెట్టి చూసే బీపీని నమ్మి మందులు మొదలుపెట్టకండి, నమ్మి మానేయకండి కూడా.

మానసిక చికిత్స విషయంలోనూ ఒక మాట. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం శారీరక జబ్బులతో సమానంగా దానికీ బీమా ఉండాలి. పాలసీలో మినహాయింపు అని రాసి ఉంటే ప్రశ్నించవచ్చు. ఆఫీసు కౌన్సెలర్ దగ్గర మాట్లాడటానికి వెనకాడేవాళ్లకు ప్రభుత్వ టెలీ-మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. ఇదే సందర్భంలో హెచ్‌ఆర్‌ను అడగాల్సింది ఇంకొకటి: ఆరోగ్య పరీక్షల రిపోర్టులు ఎవరి కళ్ల ముందుకు వెళ్తున్నాయి? ఉద్యోగికి, డాక్టరుకు తప్ప మేనేజరుకు ఆ కాగితంతో పని లేదు.

క్లెయిము అన్యాయంగా పోయిందనిపిస్తే టీపీఏతో ఫోన్లో వాదించి లాభం లేదు. బీమా సంస్థ గ్రీవెన్స్ విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లోనూ నమోదు చేయవచ్చు, 155255కు ఫోన్ కూడా చేయవచ్చు. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు, గ్రూప్ పాలసీలూ అందులోకి వస్తాయి. సంస్థ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలన్నది మాత్రం మరిచిపోవద్దు.

కంపెనీలను మేం కోరేది పెద్దదేం కాదు. ఆ పీడీఎఫ్‌కు ముందు తెలుగులో ఒకే ఒక్క పేజీ పెట్టండి. ఎడమ పక్క కిందటేడాది, కుడి పక్క ఈ ఏడాది, మారిన లైన్లు మాత్రమే. అదే పేజీని క్యాబ్ డ్రైవర్లకు, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ వాళ్లకు కూడా ఇవ్వండి. వాళ్ల ఈఎస్ఐ నంబరు దాని మీద రాసి ఇవ్వండి. కాంట్రాక్టరు జీతంలో కోస్తున్నాడు గానీ నంబరు ఏదో తెలియనివాళ్లు, తెలిసినా అందులో భార్యాపిల్లల పేర్లు ఎక్కనివాళ్లు యోగా క్లాసు జరిగే హాలును రోజూ తుడుస్తున్నారు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష అన్నది ఉంది. ఈసారి మెయిల్‌లో ఆ క్యాంపు తేదీ కూడా వేసి, ఆ లైన్లో వాళ్లనూ నిలబెట్టండి.

ఇట్లు,
ఆరోగ్య బీమా క్లెయిముల విభాగాల్లో పనిచేస్తున్న కొందరు ఉద్యోగులు,
హైదరాబాద్